చంకలో పెట్టే థర్మామీటర్, 180 రూపాయలు: ఏడు నెలల వాడకం తర్వాత

ఇంతవరకు నేను కొన్న ఏ వస్తువు గురించీ ఎక్కడా రాయలేదు. ఈ థర్మామీటర్ గురించి మాత్రం రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మావాడి లాంటి పిల్లలున్న తల్లి ఎవరైనా కొనే ముందు ఒకసారి చదువుకుంటుందని.

మాది కర్నూలు, కల్లూరు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన గూడ్స్ ఆటో నడుపుతారు, బేతంచెర్ల బండలు వేసుకుని ఊళ్లు తిరుగుతారు. మా చిన్నోడికి ఐదేళ్లు. వాడికి బ్లడ్ క్యాన్సర్. రిపోర్టులో బి-సెల్ ఏఎల్ఎల్ అని ఉంటుంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదేనని, వైద్యం మధ్యలో ఆపకుండా పూర్తి చేస్తే చాలామందికి నయమవుతుందని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పారు. హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. మొత్తం రెండేళ్ల పైనే పడుతుంది. కీమో ఎక్కించుకుని కర్నూలు వచ్చేస్తాం, మళ్లీ డేట్ ఇచ్చిన రోజుకు పోతాం. మధ్యలో వాడిని చూసుకోవాల్సింది మేమే.

మొదట్లో మా టెన్షన్ అంతా క్యాన్సర్ గురించే. డాక్టరమ్మ మాత్రం పోయిన ప్రతిసారీ జ్వరం గురించే మాట్లాడేవారు. "క్యాన్సర్ సంగతి మేం చూసుకుంటామమ్మా, జ్వరం సంగతి మీరు చూసుకోవాలి. 100.4 దాటితే రాత్రయినా పగలైనా బయల్దేరాలి, తెల్లారనీ అనుకోవద్దు" అని చెప్పి పంపేవారు. తల ఊపి వచ్చేవాళ్లం. జ్వరమే కదా, ఏ పిల్లోడికి రాదు అనే మాట మనసులో ఎక్కడో ఉండేది. ఆమె ఎందుకు అన్నిసార్లు చెప్పారో నాకు మే నెలలో తెలిసింది.

అప్పటికి మా ఇంట్లో ఉన్నది నుదుటి ముందు పెట్టి బటన్ నొక్కే గన్ థర్మామీటర్. కోవిడ్ టైంలో షాపుల ముందర అందరి నుదుటికీ పెట్టేవారే, అలాంటిదే. 1,600 రూపాయలు. పిల్లోడిని నిద్ర లేపక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు, ఒక్క సెకనులో అంకె వచ్చేస్తుంది. ఖరీదైనది కాబట్టి మంచిదే అయి ఉంటుందని కొన్నాం.

కీమో అయ్యాక పదో రోజు అది. వడగాలి రాత్రి కూడా తగ్గలేదు, కూలర్ ముందు పడుకోబెట్టాను. పది గంటలకు గన్ పెడితే 98.8. ఒంటిగంటన్నరకు పళ్లు కటకటలాడే చప్పుడు వినిపించి లేచాను. వాడు వణికిపోతున్నాడు. చేతులు, పాదాలు మంచులా ఉన్నాయి. నుదురు ముట్టుకుంటే చల్లగా తగిలింది. గన్ పెడితే 97.6. మళ్లీ పెట్టాను, 97.9. జ్వరం లేదు, కూలర్ గాలికి చలేసింది అనుకున్నాను. కూలర్ ఆపి, దుప్పటి కప్పి, పక్కన పడుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చేయి ఆగిపోతుంది. నాలుగు గంటలకు వాడిని పిలిస్తే కళ్లు తెరిచాడు గానీ పలకలేదు.

దగ్గర్లో ఉందని మొదట ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకుపోయాం. రాత్రి డ్యూటీలో ఉన్నాయన జ్వరం ఇంజెక్షన్ వేస్తాం, పిల్లల డాక్టర్ తొమ్మిదింటికి వస్తారు, అప్పటిదాకా పడుకోబెట్టండి అన్నాడు. కీమో పిల్లోడు అని రెండుసార్లు చెప్పినా ఆయనకు ఆ మాట ఎక్కలేదు. నలభై నిమిషాలు అక్కడే పోయాయి. మా ఆయన ఇంక ఆగలేక పిల్లోడిని భుజాన వేసుకుని పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ సిస్టర్ చంకలో పుల్ల థర్మామీటర్ పెట్టింది. 103.1. బీపీ అందడం లేదు డాక్టర్ అని ఆమె గట్టిగా అరిచింది. ఆ తర్వాత ఒక అరగంట నాకు సరిగ్గా గుర్తులేదు. సెలైన్ సిరంజితో నెట్టి నెట్టి ఎక్కించారు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. వాడి ఒక్క చేయి నా చేతిలో ఉండింది, గోళ్ల కింద నీలంగా.

ఆరు రోజులు ఐసీయూ. రక్తంలో బ్యాక్టీరియా చేరింది అన్నారు. పేరు క్లెబ్సియెల్లా. ఆ పేరు నోరు తిరగడానికే నాకు రెండు రోజులు పట్టింది.

ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. ఇది తెలియకపోతే 180 రూపాయల ప్లాస్టిక్ పుల్లకు ఇంత కథ ఏంటి అనిపిస్తుంది. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అని ఉంటాయి. బ్యాక్టీరియా మీద మొదట పడేవి అవే. మామూలుగా అవి 1,500 పైన ఉండాలి. 500 కంటే తగ్గితే ప్రమాదం, 100 లోపు పడిపోతే మరీ ప్రమాదం. ఆ రోజు మావాడికి 40 ఉన్నాయి. కీమో మందుకు క్యాన్సర్ కణం, మంచి కణం అనే తేడా తెలియదు. వేగంగా పెరిగేది ఏదైనా దెబ్బతింటుంది. మూలుగలో కొత్త కణాలు తయారవడం ఆగిపోతుంది, నోట్లో పుళ్లు వస్తాయి, పేగు లోపలి పొర పల్చబడుతుంది. పేగు పొర గురించి డాక్టరమ్మ చెబుతుంటే నాకు లైనింగ్ గుడ్డే గుర్తొచ్చింది. బ్లౌజుకు లైనింగ్ కుట్టు ఒక చోట వదిలితే పైకి ఏమీ కనిపించదు, లోపల మాత్రం దారి ఏర్పడుతుంది. పేగుల్లో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా ఆ దారిన రక్తంలోకి వచ్చేస్తుంది. అడ్డుకోవడానికి న్యూట్రోఫిల్స్ ఉండవు.

ఈ సంగతి విన్నాక నాకు ఒక బరువు దిగింది. అంతకు ముందు రోజు పొద్దున మా అత్త వాడికి రెండు ముద్దలు ఉగ్గాని పెట్టింది. దాంతోనే ఇదంతా వచ్చిందని ఐసీయూ బయట కూర్చుని ఆమెను మనసులో తిట్టుకున్నాను, పైకి కూడా ఒక మాట అనేశాను. ఆమె అప్పటి నుంచి అన్నం తినలేదు. క్లెబ్సియెల్లా, ఈకోలై లాంటివి చాలాసార్లు పిల్లోడి పేగుల్లోవే, ఎవరు పెట్టిన ముద్దతోనో వచ్చేవి అనుకోవద్దు అని డాక్టరమ్మ అన్న రోజు నేను బయటికి వచ్చి అత్త చేతులు పట్టుకున్నాను. అలాగని శుభ్రం వదిలేయమని కాదు. ఇంట్లో అందరం చేతులు కడుక్కునే వాడిని ముట్టుకుంటాం, కాచి చల్లార్చిన నీళ్లే ఇస్తాం, బయట కోసిపెట్టిన పండ్లు ముట్టనివ్వం.

ఇంకో మాట. మామూలు పిల్లలకు ఇన్‌ఫెక్షన్ వస్తే ఎర్రగా వాస్తుంది, చీము పడుతుంది, చూసి తెలుసుకోవచ్చు. చీములో ఎక్కువ భాగం ఆ తెల్లకణాలే. అవి లేని పిల్లోడికి చీము పట్టదు, వాపు కూడా సరిగ్గా కనిపించదు. చాలాసార్లు బయటికి తెలిసే గుర్తు జ్వరం ఒక్కటే. ఆ ఒక్క గుర్తును మా గన్ నాకు చూపించలేదు.

గన్ చెడిపోయిందేమో అనుకున్నాను. చెడిపోలేదు. అది కొలిచేది నుదుటి చర్మం మీది వేడిని. చలి పుట్టి వణుకుతున్నప్పుడు చర్మం దగ్గరి రక్తనాళాలు ముడుచుకుపోతాయట. లోపల వేడి పెరుగుతూ ఉంటుంది, పైన చర్మం చల్లగా ఉంటుంది. పైగా కూలర్ గాలి, చెమట. అది చూపిన 97.6 వాడి నుదుటిది, వాడి రక్తానిది కాదు. మామూలు ఇళ్లలో జలుబు జ్వరాలకు అది పనికి రావచ్చు. కీమో పిల్లోడున్న ఇంట్లో దాని అంకె చూసి నిద్రపోకూడదు.

డిశ్చార్జ్ అయిన రోజే పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న మెడికల్ షాపుల్లో ఒకదానికి పోయి ఈ థర్మామీటర్ తీసుకున్నాను. పెట్టె మీద 250 ఉంది, షాపు అన్న 180కి ఇచ్చాడు. తెల్ల ప్లాస్టిక్ పుల్ల, కొన దగ్గర మెత్తగా వంగే రబ్బరు, చివర స్టీలు మొన, ఒకే బటన్, చిన్న స్క్రీన్. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం నాలుగైదు కంపెనీలవి ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. కొన వంగేది తీసుకోండి, గట్టి కొన ఉన్నది ఎముకలు తేలిన పిల్లోడి చంకలో గుచ్చుకుంటుంది.

తెచ్చిన వెంటనే నమ్మలేదు. నా పనిలో కొలతే ప్రాణం. గుడ్డ టేప్ వాడగా వాడగా సాగిపోతుంది, అర అంగుళం తేడా వచ్చి బ్లౌజు పాడవుతుంది. అందుకే నేను ఏడాదికోసారి టేప్ మార్చి, కొత్తదాన్ని స్టీలు స్కేలుతో సరిచూసుకుంటాను. దీన్నీ అలాగే చూశాను. కొలతలు రాసే నోట్‌బుక్‌లో వెనక పేజీలో ఒక వారం రోజులు గన్‌దీ దీనిదీ పక్కపక్కన రాశాను. కూలర్ ముందు పడుకున్నప్పుడు గన్ 97.1, ఇది 98.4. నేను మధ్యాహ్నం ఎండలో కూరగాయలకు పోయి వచ్చి నాకే పెట్టుకుంటే గన్ 99.8, ఇది 98.6. మా ఆయనకు స్నానం కాగానే పెడితే గన్ 96.9, ఇది 98.2. పక్కింటి వాళ్ల పాత గాజు థర్మామీటర్‌తో కూడా చూశాను, తేడా పాయింట్ రెండు దాటలేదు. గన్ తిన్నగా డబ్బాలోకి పోయింది.

వాడే పద్ధతి చెబుతాను, పెట్టెలో ఉన్న కాగితం చదివితే అర్థం కాదు. చంకలో చెమట ఉంటే మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. స్టీలు మొన చంక గుంటలో సరిగ్గా మధ్యకు రావాలి, చొక్కా మధ్యలో అడ్డు రాకూడదు. చేతిని ఒంటికి ఆనించి పట్టుకోవాలి. ఒక నిమిషం లోపే బీప్ కొడుతుంది. అప్పుడే తీయొద్దు. నేను ఐదు నిమిషాలు ఉంచుతాను. బీప్ తర్వాత కూడా అంకె పాయింట్ మూడు, పాయింట్ నాలుగు పెరగడం చాలాసార్లు చూశాను. 100.4 దగ్గర ఆ పాయింట్ మూడే అన్నిటికీ ముఖ్యం. ఇంకోటి, చంకలో వచ్చే అంకె లోపలి వేడి కంటే కొంచెం తక్కువే ఉంటుంది. అందుకే మా డాక్టరమ్మ 99.5 వస్తే అరగంటకోసారి చూడమన్నారు, 100.4 వస్తే ఇంక ఆలోచించొద్దన్నారు. మీ డాక్టర్ ఏ అంకె చెప్పారో అదే రాసి పెట్టుకోండి. నోట్లో పుళ్లున్న పిల్లలకు నోట్లో పెట్టొద్దు. మలద్వారంలో అసలే పెట్టకూడదు. అక్కడ సన్నటి గీత పడినా చాలు, బ్యాక్టీరియాకు దారి ఇచ్చినట్టే. ఈ ముక్క మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు, కొత్త సిస్టర్లకు కూడా చెప్పండి.

అంకె చూడకుండా పారాసిటమాల్ వేయొద్దు. వేస్తే కొన్ని గంటలు జ్వరం దాక్కుంటుంది, లోపల బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. బ్రూఫెన్ అయితే ముట్టుకోనే వద్దు, ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లలకు రక్తస్రావం అయ్యే భయం ఉంది.

ఇప్పుడు వినాయక నిమజ్జనం రోజు సంగతి. దీనికి నేను మార్కులు వేసింది ఆ రోజుతోనే. వాడికి న్యూట్రోఫిల్స్ కౌంట్ తక్కువగా ఉండింది, ఊరేగింపు చూపించమని పొద్దున నుంచి ఏడుస్తున్నాడు. మిద్దె మీది నుంచి చూపిస్తానని సర్దిచెప్పాను. సాయంత్రం 5:50కి రోజూ లాగే థర్మామీటర్ పెట్టాను. 99.6. పిల్లోడు ఆడుకుంటున్నాడు, ఒళ్లు ముట్టుకుంటే వేడి లేదు. మే నెలలో అయితే నేను అక్కడితో వదిలేసేదాన్ని. 6:20కి మళ్లీ పెట్టాను. 100.6. దీనికి జ్వరం ఉంటే బీప్ మారుతుంది, గబగబా కొడుతుంది. ఆ చప్పుడు వినగానే మా ఆయన చెప్పులు వేసుకున్నారు.

బ్యాగ్ ఎప్పుడూ సర్దే ఉంటుంది. అందులో హైదరాబాద్ డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం ప్లాస్టిక్ కవర్‌లో ఉంటుంది. ఏ జబ్బు, ఏ కీమో ఎప్పుడు ఎక్కింది, చేతికి పిక్ లైన్ (మందులు ఎక్కించడానికి చేతి నరంలోంచి లోపలికి పెట్టి ఉంచే సన్నటి గొట్టం) ఉంది, జ్వరంతో వస్తే ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) తీయండి, వెంటనే ఫలానా యాంటీబయాటిక్ ఇంత డోసు వేయండి, రిపోర్టుల కోసం ఆగొద్దు అని వరుసగా ఉంటుంది. కింద ఫోన్ నంబర్. కర్నూలు నుంచి హైదరాబాద్ 210 కిలోమీటర్లు. ఎంత తోలినా నాలుగు గంటలు. ఆసుపత్రి గడప తొక్కాక గంట లోపు మొదటి డోసు పడాలి అని వాళ్లే చెబుతారు. అందుకే మొదటి డోసు ఇక్కడే వేయించుకోవాలి, ఆ తర్వాతే హైదరాబాద్ మాట. దూరం ఊళ్లలో ఉన్న తల్లిదండ్రులు ఈ ఉత్తరాన్ని అడిగి మరీ రాయించుకోండి. మే నెలలో మా దగ్గర అది లేదు.

నిమజ్జనానికి కేసీ కాలువ వైపు రోడ్లన్నీ మూసేశారు. డప్పులు, రంగులు, జనం. సందుల్లోంచి తిప్పుకుని 6:55కి చేరాం. ఈసారి తిన్నగా పెద్ద ఆసుపత్రికే. ఉత్తరం చూడగానే డ్యూటీ డాక్టర్ మమ్మల్ని లైన్‌లో నిలబెట్టలేదు. సిస్టర్ పిక్ లైన్ నుంచి ఒక బాటిల్‌లోకి, రెండో చేతి నరం నుంచి ఇంకో బాటిల్‌లోకి రక్తం తీసి, పెన్నుతో లైన్ అని ఒకదాని మీద, చేయి అని ఒకదాని మీద రాసింది. రెండు ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పింది. లైన్ బాటిల్‌లో బ్యాక్టీరియా చేతి బాటిల్ కంటే రెండు గంటలో అంతకంటే ఎక్కువో ముందు పెరిగితే, అది పిక్ లైన్‌లోనే స్థిరపడి ఉందని అనుమానిస్తారట. అప్పుడు లైన్ తీసేయాల్సి రావచ్చు. 7:20కి మొదటి యాంటీబయాటిక్ చుక్కలు పడటం మొదలైంది. చేరిన దగ్గర్నుంచి ఇరవై ఐదు నిమిషాలు. రాత్రి ఎనిమిదికి జ్వరం 102.4కి పోయింది, కానీ బీపీ పడలేదు. వాడు ఫోన్‌లో వినాయకుడిని చూస్తూ బిస్కెట్ అడిగాడు.

మర్నాటికే రెండు బాటిళ్లలోనూ పెరిగింది, ఇంచుమించు ఒకే టైంలో. ఈకోలై. ఆ తర్వాత రెండు రోజులకు పూర్తి రిపోర్ట్ వచ్చింది. అందులో మందుల పేర్లు వరుసగా, ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో ఉంటుంది. ఎస్ అంటే ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. మే నెల రిపోర్ట్‌లో ఆర్‌లే ఎక్కువ, మొదట వేసిన మందు మార్చి మెరోపెనెం పెట్టాల్సి వచ్చింది. ఈసారి మొదట వేసిన మందు ఎదురుగానే ఎస్ ఉంది. ఆ అక్షరం చూసి నేను బెడ్ పక్కన కూర్చుండిపోయాను. ఐసీయూ అవసరం రాలేదు, పది రోజుల్లో ఇంటికొచ్చాం. పిక్ లైన్ కూడా తీయలేదు.

ఆ ఆర్‌ల గురించి ఒక మాట. మన దగ్గర దగ్గు వస్తే చాలు, చీటీ లేకుండా షాపులో యాంటీబయాటిక్ అడిగి రెండు రోజులు వేసుకుని మానేస్తాం. నేనూ అలా చేసినదాన్నే. ఆ మందులకు లొంగని బ్యాక్టీరియా అలా తయారై మన మధ్యనే తిరుగుతుంది, మావాడి లాంటి పిల్లోడికి పట్టుకుంటే వేయడానికి మందు దొరకదు. ఇప్పుడు మా వీధిలో ఎవరైనా ఆ మాట అంటే నేను ఊరుకోను.

ఈ థర్మామీటర్ చేయలేనిది కూడా చెప్పాలి. స్టెరాయిడ్ మాత్రలు నడిచే వారాల్లో ఒళ్లు జ్వరం చూపించకపోవచ్చు. ముఖ్యంగా మొదటి నెల, ఇండక్షన్ అంటారు, డెక్సామెథాసోన్ లాంటి మాత్రలు రోజూ పడే టైం. లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా అంకె 98 దగ్గరే ఉండొచ్చు. అప్పుడు పిల్లోడు డల్‌గా పడి ఉన్నా, కడుపు నొప్పి అన్నా, వణికినా, మూత్రం తగ్గినా, ఊపిరి వేగంగా తీసినా థర్మామీటర్ మాట పక్కన పెట్టి బయల్దేరాలి. వణుకు ఒక్కటి చాలు. పిక్ లైన్ కడిగిన వెంటనే వణుకు వస్తే మరీను.

వస్తువులో ఉన్న లోపాలు. స్క్రీన్‌కు వెలుగు లేదు. మనకు ఎక్కువగా పనిబడేది అర్ధరాత్రే, ప్రతిసారీ సెల్ టార్చ్ వేసుకోవాలి. బ్యాటరీ ఎల్ఆర్ 41 అనే గుండీ సెల్, నాకు ఆరో నెలలో అయిపోయింది. స్క్రీన్ మసకబారుతుంది, అప్పుడే మార్చేయండి, పూర్తిగా ఆరేదాకా ఆగొద్దు. ఒకటి ఎక్కువ కొని బ్యాగ్‌లో పెట్టండి, కానీ పిల్లలకు అందకుండా, మింగితే చాలా ప్రమాదం. ఆన్ చేయగానే పోయినసారి అంకె ఒక్క క్షణం కనిపిస్తుంది, దాన్ని ఇప్పటి అంకె అనుకోవద్దు. సరిచూసుకున్న ఆ మొదటి వారం తర్వాత ఇంట్లో ఇది వాడికే, ఇంకెవరికీ పెట్టం. పెట్టిన ప్రతిసారీ కొనను స్పిరిట్ దూదితో తుడుస్తాను.

అన్నిటికంటే పెద్ద లోపం ఆ ఒక్క బటన్. ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే ఫారెన్‌హీట్ నుంచి సెల్సియస్‌కు మారిపోతుంది. అక్టోబర్‌లో ఒక రోజు నేను ఫాల్స్, జాకెట్ పీసులు తేవడానికి పోయాను. వచ్చేసరికి మా అత్త, "చూశానమ్మా, ముప్పై ఎనిమిది ఉంది, నూరు కూడా లేదు, జ్వరం లేదు" అంది. నాకు కాళ్లు ఆడలేదు. సెల్సియస్‌లో 38 అంటే అదే 100.4. పరిగెత్తుకుపోయి మళ్లీ చూస్తే 38.1. ఆ రోజు కౌంట్ బాగానే ఉండింది, కల్చర్‌లో ఏమీ పెరగలేదు, రెండు రోజుల్లో పంపేశారు. కానీ ఆమె చేసిన తప్పు ఏముంది? ఆమెకు చదువు రాదు, ఫోన్ నంబర్ల వల్ల అంకెలు మాత్రం గుర్తుపడుతుంది. వస్తువు తయారుచేసేవాళ్లు ఆ మార్పిడికి ఇంకో బటన్ పెట్టాల్సింది, లేదా మనకు అమ్మేదాంట్లో అసలు తీసేయాల్సింది. లోపల పెట్టిన కాగితంలో తెలుగు ఒక్క ముక్క లేదు. ఈ రెండింటికీ ఒక స్టార్ తీసేస్తున్నాను. ఐదుకు నాలుగు.

అప్పటి నుంచి రెండు తీసుకున్నాం, ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాగ్‌లో. ఇంట్లోదాని డబ్బాకు ఒక అట్టముక్క కట్టాను. దాని మీద ఎర్ర స్కెచ్‌తో 100.4 అని, దాని కింద 38.0 అని పెద్దగా రాశాను. ఈ రెండిట్లో ఏది కనిపించినా, దాన్ని దాటినా మాత్ర వద్దు, తడిగుడ్డ వేస్తూ కూర్చోవద్దు, ముందు నాకు ఫోన్ చేయి అని అత్తకు చెప్పాను. ఆమె రోజూ సాయంత్రం థర్మామీటర్‌ను ఆ అట్ట పక్కన పెట్టి, ఒక్కో అంకెను వేలితో పోల్చి చూస్తుంది. మావాడు అప్పటిదాకా చేయి ఒంటికి ఆనించుకునే కూర్చుంటాడు, "జేజీ, అయిందా?" అని అడుగుతూ.